క్షేమం తప్ప మాట రాని రాజు

అనగనగా ఒక రాజు. ఆగండర్రా, ఇంకా రాజు దగ్గరే ఉన్నాను, అప్పుడే ఆ కిచకిచలేమిటి? ఒరే బుల్లబ్బాయ్, ఆ కాలు ఊపడం ఆపు. ఆపలేవా? సరే, ఊపుకో, నా చింతపండు బుట్టకి తగలకుండా ఊపుకో. ఈ కథలో రాజకుమారుడికీ అదే జబ్బు. తులసీ, నువ్విలా నా పక్కకి రావే. పొద్దుటి నుంచీ ఏమైందే అంటే ఏం లేదు, ఏం లేదు అంటున్నావు. సరే, ఏం లేదు. కథ విను.

మణిశైలం అనే రాజ్యాన్ని ప్రతాపశేఖరుడనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయశేఖరుడు, కత్తి పట్టాడంటే ఎదురు నిలిచేవాడు లేడు. రెండోవాడు రత్నశేఖరుడు, చదవని పుస్తకం లేదు. మూడోవాడు నందశేఖరుడు. కానీ ఆ పేరుతో వాణ్ణి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. అందరూ బొంగరం బాబు అనేవారు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే నడుస్తాడు, నడిస్తే పరిగెడతాడు. అన్నం కూడా నడుస్తూనే తినేవాడు. కాలుగాలిన పిల్లిలా కోటంతా తిరిగేవాడు. ఎవరైనా "ఏం బొంగరం బాబూ" అని పిలిస్తే నవ్వేవాడు. నవ్వి, ఇంకా గట్టిగా పరిగెత్తేవాడు.

వాడికి ఆరేళ్ళప్పుడు తల్లి ఇందుమతీదేవి జ్వరం వచ్చి పోయింది. కోటంతా ఒకటే ఏడుపు. పిల్లలు ముగ్గురూ వెక్కివెక్కి ఏడుస్తుంటే రాజుగారు చూడలేకపోయాడు. పదమూడో రోజున దండోరా వేయించాడు. "ఇకమీదట ఈ రాజ్యంలో ఏడుపు వినబడకూడదు! ఎవరు ఎవరిని క్షేమమా అని అడిగినా, క్షేమం అనే చెప్పాలి!" చెడ్డవాడు కాదర్రా పాపం. ప్రేమతోనే చేశాడు. అందుకే ఎవరూ కాదనలేకపోయారు.

ఇక చూడండి. పిల్లాడు మెట్ల మీంచి పడి మోకాలు చెక్కుకుపోతే, "క్షేమమా?" "క్షేమం." కుమ్మరి ఆవం కూలి కుండలన్నీ పగిలిపోతే, "క్షేమమా?" "క్షేమం." కూతుర్ని దూరదేశం పంపిన తల్లి గడపలో నిలబడి చూస్తుంటే, "క్షేమమా?" "క్షేమం." వచ్చే ఏడుపు గొంతులోనే ఆపి గుటుక్కున మింగేసేవాళ్ళు. అలా పన్నెండేళ్ళు గడిచాయి. ఎవరి మొహం చూసినా నవ్వే, ఎవరి చెయ్యి పట్టుకున్నా వణుకే.

ఒక పొద్దున్న రాజుగారు పాలు తాగుతుంటే గిన్నె జారి వేడివేడి పాలు చేతి మీద ఒలికాయి. "అబ్బా" అనబోయి నోరు తెరిచాడు. వచ్చిన మాట "క్షేమం". మంచినీళ్ళడగబోయాడు. "క్షేమం." కొడుకుల్ని పిలవబోయాడు. "క్షేమం, క్షేమం, క్షేమం." కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోరు మాత్రం క్షేమం అంటోంది. కొలువులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నవ్వేదేముంది? భయమేసేదే గానీ.

వైద్యులు వచ్చారు. "ఎక్కడ నొప్పి ప్రభూ?" "క్షేమం." "ఏం తినాలనుంది?" "క్షేమం." వాళ్ళు తలలు పట్టుకున్నారు. "రోజురోజుకీ చిక్కిపోతున్నారు. ఎక్కడ బాధో చెప్పలేని మనిషికి ఏ మందు ఇవ్వమంటారు? ఇలాగైతే మూడో పున్నమి దాటడం కష్టం."

అప్పుడు ముగ్గురినీ పెంచిన ముసలి దాది మాచమ్మ ముందుకొచ్చింది. "ఇది రోగం కాదు నాయనలారా. ఏడు సముద్రాల అవతల కరాళకంఠుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక పండు ముట్టదు, గింజ ముట్టదు. జనం బయటికి చెప్పుకోలేక మింగేసిన మాటలే దాని మేత, ఆ మేతే వాడి బలం. మన రాజ్యంలో పన్నెండేళ్ళుగా దానికి రోజూ విందే. రాజుగారు అందరికంటే ఎక్కువ మింగారు, అందుకే ముందు ఆయన నోరు పోయింది. ఆ చిలక కక్కితే తప్ప ఆయన మాట తిరిగి రాదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మాచమ్మా?" అన్నారు రాజకుమారులు.

"నన్నెవరడిగారు? అడిగినవాళ్ళంతా క్షేమమా అనే అడిగారు!" అంది ఆవిడ విసురుగా.

పెద్దవాడు ఓడెక్కాడు. ఒక పున్నమి దాటాక ఓడ తిరిగొచ్చింది. "చిలక ఏది అన్నయ్యా?" అని తమ్ముళ్ళు ఎదురు పరిగెత్తారు. విజయశేఖరుడు వాళ్ళ భుజాలు పట్టుకుని ఊపేస్తూ, "క్షేమం! క్షేమం!" అన్నాడు. రెండోవాడు బయల్దేరాడు. రెండో పున్నమి దాటాక వాడూ వచ్చాడు. వాడిదీ అదే మాట. అక్కడేం జరిగిందో చెబుదామని వేళ్ళతో గాల్లో ఏదో రాశాడు. రాసినా క్షేమం అనే రాశాడు.

ఇక మిగిలింది ఒక్క పున్నమి, ఒక్క బొంగరం బాబు. మంత్రులు మొహమొహాలు చూసుకున్నారు. వీడా? పీట మీద పట్టుమని పది లెక్కబెట్టేంతసేపు కూర్చోలేడు, వీడా? వాళ్ళు ఆలోచించి తల ఎత్తేసరికి నందుడు ఊరు దాటేశాడు.

అడవిలో పడి పరిగెడుతున్నాడు. దారి నడుమ ఒక ఆడ ఎలుగు అడ్డంగా కూర్చుని గుర్రుమంటోంది. నందుడు హడలిపోయాడు. ఏం మాట్లాడాలో తెలీక అలవాటు కొద్దీ, "క్షేమమా?" అన్నాడు.

"క్షేమమా నీ తలకాయా!" అంది ఎలుగు. "తేనెకి పోయి ముక్కంతా కుట్టించుకున్నాను. మండి చస్తున్నాను. కళ్ళు కూడా వాచిపోయాయి, కనబడటం లేదూ?"

నందుడు నోరు తెరిచాడు. "అలా చెప్పొచ్చా?"

"మరెలా చెప్పాలి? మండుతుంటే చల్లగా ఉందనాలా? వచ్చి ఈ ముళ్ళు తియ్యి!"

నందుడు మోకాళ్ళ మీద కూర్చుని గోళ్ళతో ఒక్కొక్క ముల్లూ లాగాడు. అది అరిచినప్పుడల్లా పారిపోదామనిపించింది. కానీ ఇంకొకటి ఉందే, ఇంకొకటి ఉందే అని ఉండిపోయాడు. ఆఖరి ముల్లు తీసేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పుడు చూసుకున్నాడు, అంతసేపూ తన కాలు కదల్లేదు. చూసుకున్నాడో లేదో, మళ్ళీ టకటకా ఊగడం మొదలెట్టింది. ఎలుగు వాడికి ఆకులో చుట్టి ఒక తేనెపట్టు ముక్క ఇచ్చింది.

మళ్ళీ పరుగు. ఏటి ఒడ్డున ఒక కొంగ ఏడుస్తోంది. ఈసారి నందుడు క్షేమమా అనలేదు. "ఏమైంది నీకు?" అన్నాడు.

"ఏరు పొంగింది. గూడు పోయింది. నా గుడ్లు పోయాయి."

"నన్నేం చెయ్యమంటావు? ఈదనా? వెతకనా?"

"ఏం చేస్తావు, అవి ఇక లేవు. కాసేపు నా పక్కన కూర్చుంటావా?"

"అమ్మో, నాకు పనుంది, పున్నమి దగ్గరపడుతోంది!"

"సరే, పో నాయనా."

నందుడు పదడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కొచ్చి కూర్చున్నాడు. కాళ్ళలో చీమలు పాకినట్టుంది. లేవాలి, లేవాలి, లేవాలి అనిపిస్తోంది. అయినా కూర్చున్నాడు. ఊరుకో అనలేదు, ఏం ఫరవాలేదు అనలేదు. కొంగ ఏడ్చినంతసేపూ ఏడ్చింది. వింటుంటే నందుడి గొంతులోకి ఏదో ఎగదన్నుకొచ్చింది. గుటుక్కున మింగేశాడు.

కొంగ చటుక్కున చూసింది. "ఇప్పుడేదో మింగావే, ఏమిటది?"

"ఏం లేదు."

"నా ఎదురుగా మింగి ఏం లేదంటావా!" అంది గానీ కోప్పడలేదు. "నా బాధ నువ్వు తీర్చలేదు, తీరేది కాదు. కానీ నువ్వు కూర్చున్నావు చూడు, కాస్త ఊపిరాడింది" అని ఒక ఈక ఇచ్చింది. "పని పడితే ఇది ఊపు, మావాళ్ళు వస్తారు."

సముద్రం ఒడ్డున ఒక తాబేలు వలలో చిక్కుకుని గింజుకుంటోంది. ధాన్యం నూర్చే కళ్ళమంత తాబేలు. నందుడు మొలలోని కత్తితో వల కోశాడు. "ఏడు సముద్రాలు దాటించగలవా తాతా?" అని అడిగాడు. "ఎక్కు" అంది.

మొదటి సముద్రంలో తాబేలు వెనక్కి తిరిగి, "క్షేమమా మనవడా?" అంది. "క్షేమం" అన్నాడు. దబుక్కున జానెడు లోపలికి దిగిపోయింది.

"ఏయ్, ఏం చేశావు? ఉన్నట్టుండి బండరాయంత బరువయ్యావు!"

రెండో సముద్రంలో మళ్ళీ అడిగింది. మళ్ళీ "క్షేమం" అన్నాడు. నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. "ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే ఇద్దరం అడుక్కి పోతాం. ముందే చెబుతున్నా!" అంది తాబేలు.

మూడో సముద్రంలో నందుడు పళ్ళు బిగించి, "భయంగా ఉంది తాతా. మా నాన్నగారు చచ్చిపోతారేమోనని భయంగా ఉంది" అన్నాడు. తాబేలు చెంగున పైకి తేలింది. నాలుగో సముద్రంలో ఒంటరిగా ఉందన్నాడు. అయిదో సముద్రంలో ఆకలిగా ఉందన్నాడు, అదీ నిజమే కదా. ఆరో సముద్రంలో అన్నల్ని ఆ మాంత్రికుడు అలా చేసినందుకు కోపంగా ఉందన్నాడు. ఒక్కొక్క మాటకీ తాబేలు తేలికై దూసుకుపోయింది. ఏడో సముద్రంలో మాత్రం మెల్లగా అంది: "నీ మీద ఇంకో బరువుంది మనవడా. చిన్నదే, గులకరాయంత. కానీ అన్నిటికంటే అదే బరువు. ఏమిటది?"

నందుడు నీళ్ళలో చెయ్యి పెట్టి గిరగిరా సుడి తిప్పడం మొదలెట్టాడు.

"సరే. అదెక్కడ దించుకోవాలో నువ్వే చూసుకో" అంది తాబేలు.

దీవిలో నల్లరాతి మేడ. మేడలో బంగారు కొక్కేనికి వేలాడే పంజరం. పంజరంలో చిలక. పొట్ట చూస్తే గుమ్మడికాయే! రెక్కలు ముడుచుకోవడానికి కూడా చోటు లేదు. పక్కనే ఒక అమ్మాయి నిలబడి ఉంది. "నువ్వెవరు?" అని అడిగాడు నందుడు. "క్షేమం" అంది. అంటుంటే ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి.

లోపల్నుంచి కరాళకంఠుడు వచ్చాడు. కొండలా ఉన్నాడు. వచ్చి ఎంత తియ్యగా మాట్లాడాడనుకున్నారు! "రా నాయనా, కూర్చో. మూడోవాడివి కదూ? నా చిలక మూడు మాటలడుగుతుంది. మూడింటికీ జవాబు చెప్పావా, చిలక నీది. మీ అన్నలిద్దరికీ మొదటి మాటకే నోళ్ళు పోయాయి. ఈ వకుళ కూడా నోరు పోయిన వాళ్ళమ్మ కోసం వచ్చి మొదటి మాటకే పోయింది, దీన్ని పంజరం కాపలాకి ఉంచేసుకున్నాను. అడగవే!"

చిలక ముక్కు తెరిచింది. కోట గుమ్మం దగ్గర కాపలావాడి గొంతుతో, రోజూ పొద్దున్నే అడిగినట్టే అడిగింది. "క్షేమమా?"

"క్షే..." అని నందుడి పెదాల దాకా వచ్చేసింది! పన్నెండేళ్ళ అలవాటు మరి, ఎక్కడికి పోతుంది? అంతలో వకుళ కళ్ళు కనబడ్డాయి. ఎలుగు గుర్తొచ్చింది. నోరు మూసుకుని, మళ్ళీ తెరిచాడు. "క్షేమం కాదు. నా కాళ్ళు వణుకుతున్నాయి. మిమ్మల్ని చూస్తే నాకు భయమేస్తోంది."

చిలకకి పొలమారింది. దగ్గి దగ్గి గుప్పెడు మాటలు కక్కింది. కరాళకంఠుడు కొండంతవాడు తాటిచెట్టంతయ్యాడు.

రెండోసారి రాజుగారి గొంతుతో అడిగింది. "క్షేమమా నందా?"

తండ్రికి ఎదురు చెప్పి ఎరగడు. అయినా నోరు విప్పాడు. "క్షేమం కాదు నాన్నగారూ. మీ మీద కోపంగా ఉంది. అమ్మ పోతే నన్ను ఏడవనివ్వలేదు. మీరంటే ప్రాణం నాకు, అయినా కోపంగా ఉంది."

చిలక ఇంకాసిని కక్కింది. తాటిచెట్టంతవాడు మనిషంతయ్యాడు. నవ్వు పోయింది, పళ్ళు కొరుకుతున్నాడు.

మూడోసారి చిలక ఆగింది. ఆగి, ఆరేళ్ళ పిల్లాడి గొంతుతో అడిగింది. అది ఎవరి గొంతో కాదు, నందుడిదే. "క్షేమమా బొంగరం?"

నందుడు గిరుక్కున తిరిగి గుమ్మం దాకా పరిగెత్తాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. గోడ దగ్గరికి పోయాడు. ఇటు నడిచాడు, అటు నడిచాడు. కరాళకంఠుడు ఇకిలించాడు. "ఎందుకా అవస్థ? క్షేమం అనేసెయ్. ఒక్క మాట. హాయిగా ఇంటికి పోతావు."

నందుడు ఆగాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో తన కోసం తను కూర్చోవడం అదే మొదలు.

"ఆ రోజు అమ్మ పిలిచింది. నందూ, ఒక్కసారి వచ్చి నా దగ్గర కూర్చో అంది. నేను కిటికీ అవతల బొంగరం తిప్పుతున్నాను. ఉండమ్మా, ఇది పడిపోగానే వస్తానన్నాను. పడిపోయింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తిప్పాను. వెళ్ళేసరికి అమ్మ లేదు. అందరూ బొంగరం అని పిలుస్తుంటే నాకదే గుర్తొస్తుంది. నేను వెళ్ళి కూర్చోలేదు. అందుకే ఎక్కడా కూర్చోలేకపోతున్నాను. నా వల్ల కావడం లేదు."

అని భోరున ఏడ్చాడు. పన్నెండేళ్ళ ఏడుపు ఒక్కసారే వచ్చింది.

చిలక నోరు పెద్దగా తెరిచింది. ఇక ఆగలేదు! వాన వెలిశాక ఉసుళ్ళు లేచినట్టు మాటలు, మాటలు, మాటలు. మేడంతా నిండిపోయి గోడలకి కొట్టుకుంటున్నాయి. కరాళకంఠుడు "క్షేమం! నేను క్షేమం!" అని అరుస్తూనే మూరెడయ్యాడు, జానెడయ్యాడు, బెత్తెడయ్యాడు. చివరికి ఆ అరుపు కూడా మిగల్లేదు.

వకుళ నోట్లోకి ఆమె మాటలు వచ్చి చేరాయి. "మూడేళ్ళుగా నిలబెట్టాడు, కాళ్ళు పీకేస్తున్నాయి! ఆకలేస్తోంది! మా అమ్మ ఎలా ఉందో! ఇంతకీ నువ్వెవరు?" అని ఒక్క గుక్కలో అనేసి కూలబడింది. నందుడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశాడు.

మిగిలిన మాటలకి దారి తెలీదు. నందుడు కొంగ ఈక ఊపాడు. ఆకాశం తెల్లబడేటన్ని కొంగలు వచ్చి, ఎవరి మాటలు వాళ్ళకి చేర్చడానికి ఆ గుంపుని తోలుకుపోయాయి. పంజరంలో చిలక పిడికెడంతైపోయి నీరసంగా చూస్తోంది. దాని తప్పేముంది, పెట్టిందే తింది. నందుడు తలుపు తీసి తేనెపట్టు ముక్క నోటికందించాడు. అది నాకి, "తియ్యగా ఉంది" అంది. దాని సొంత మాట అదే మొదటిది.

తాబేలు ఇద్దర్నీ ఎక్కించుకుని, "ఇద్దరున్నా ఆకంత బరువు లేరే!" అని ముందు వకుళ వాళ్ళ ఊరు పోయింది. ఆమె తల్లి మాట వచ్చి లేచి కూర్చుని ఉంది. కూతుర్ని కావలించుకుని కడుపునిండా తిట్టింది, కడుపునిండా అన్నం పెట్టింది. "ఈ అబ్బాయి వాళ్ళ నాన్న సంగతి చూసి రానా అమ్మా?" అని వకుళ మళ్ళీ తాబేలెక్కింది.

పున్నమి రోజు పొద్దున్నే మణిశైలం చేరారు. ఊరంతా గోలగోల! కుమ్మరి వీధిలో నిలబడి "నా కుండలన్నీ పగిలిపోయాయర్రా" అని పన్నెండేళ్ళ నాటి ఏడుపు ఏడుస్తున్నాడు, నలుగురూ పట్టుకుని ఓదారుస్తున్నారు. పెద్దన్న ఎదురొచ్చి, "తమ్ముడూ, నాకు సింహాసనం వద్దురా. చిన్నప్పటి నుంచీ చెప్పలేకపోతున్నాను. నాకు గుర్రాలు పెంచుకోవాలనుంది" అన్నాడు. రెండోవాడు "నాకూ వద్దు బాబోయ్" అన్నాడు.

నందుడు తండ్రి గదిలోకి పరిగెత్తాడు. రాజుగారు మంచం మీద "ఇందూ, ఇందూ" అని భార్యని తలుచుకుని ఏడుస్తున్నాడు. నందుడు మంచం పక్కన కూర్చున్నాడు. చిలకకి చెప్పిన మాట తండ్రికి కూడా చెప్పాడు. చిలకకి చెప్పడమే తేలికనిపించింది వాడికి.

రాజుగారు ఏడుపాపి కొడుకు మొహంలోకి చూశాడు. "అమ్మ నీ కోసం ఎదురు చూస్తూ పోయిందని నీకెవరు చెప్పారురా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే..."

"ఆమె పక్కన కూర్చున్నది నేను. నువ్వు రాలేదని, నిన్ను ఎత్తుకొస్తానని లేచాను. చెయ్యి పట్టుకుని ఆపేసింది. 'వద్దండీ, వాడి బొంగరం చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. వాడక్కడే ఉన్నాడని తెలుస్తోంది, నాకది చాలు. తిప్పుకోనివ్వండి' అంది. ఆ కిటికీ వైపే చెవి పెట్టుకుని పడుకుంది. నువ్వు మళ్ళీ తిప్పినప్పుడల్లా నవ్వింది నాన్నా."

నందుడు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "పన్నెండేళ్ళు... నాకెందుకు చెప్పలేదు నాన్నగారూ?" అన్నాడు.

"చెబితే ఏడుస్తావని" అన్నాడు రాజు.

తండ్రీ కొడుకులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎవరూ ఊరుకోమనలేదు.

ఆ తరువాత రాజుగారు కోలుకున్నాడు. వకుళకీ నందుడికీ పెళ్ళయింది. పీటల మీద పురోహితుడు "క్షేమమా తల్లీ?" అంటే, "దండ మెడకి గుచ్చుకుంటోంది, దడగా ఉంది, సంతోషంగా కూడా ఉంది" అని మూడూ చెప్పింది పెళ్ళికూతురు. నందుడు రాజై కొత్త దండోరా వేయించాడు. ఇంటింటి గడప దగ్గరా ఒక పీట ఉండాలి. క్షేమమా అని నిలబడి అడగకూడదు. పీట వాల్చుకుని కూర్చుని అడగాలి, చెప్పేదంతా అయ్యేదాకా లేవకూడదు. అలా అరవయ్యేళ్ళు ఏలాడు. అప్పుడప్పుడూ కాలు టకటకా ఊగేది. వకుళ చూసి, "ఏమిటి సంగతి?" అనేది. చెప్పేవాడు. దిగులుగా ఉన్న రోజున ఎవరింటి పీట మీదో పోయి కూర్చుని వాళ్ళ గోడు వినొచ్చేవాడు. తన మనవలకి బొంగరం తిప్పడం తనే నేర్పాడు. ఆ చప్పుడు వినబడుతుంటే కిటికీ పక్కన కదలకుండా కూర్చునేవాడు.

అయిపోయింది. చింతపండూ అయిపోయింది, కథా అయిపోయింది. లేవండి, లేవండి, చేతులు కడుక్కోండి.

తులసీ, నువ్వు కాదే. నువ్వుండు. నాకు నడుం నొప్పిగా ఉంది, ఆ పీట ఇలా లాగు. ఆఁ, కూర్చున్నాను, ఇక లేవను. ఇప్పుడు చెప్పు. పొద్దున్న ఏమైంది?